అడిగి తెచ్చుకున్న నొప్పి

ఆపరేషన్ అయిన నాలుగో రోజు ఏడ్చాను. నొప్పికి కాదు. కోదాడలో మా అమ్మ నాకు తల దువ్వుతోంది. చేతులు పైకి ఎత్తొద్దని డాక్టరు చెప్పడంతో, నలభై ఒక్కేళ్ళ వయసులో రెండో తరగతి పిల్లలా అమ్మ ముందు పీట వేసుకుని కూర్చున్నాను. ఎందుకో ఒక్కసారిగా దుఃఖం పొంగుకొచ్చింది.

‘‘నొప్పా?’’ అంది అమ్మ. కాదన్నాను.

‘‘మరెందుకే ఏడుపు? నువ్వు కోరి చేయించుకున్నదేగా!’’

అమ్మ మనసులో ఏమీ పెట్టుకుని అనలేదు. కానీ ఆ ఒక్క మాటతో నాకు ఏడ్చే హక్కు కూడా పోయినట్టనిపించింది.

నేను చేయించుకున్నది రొమ్ముల సైజు తగ్గించే ఆపరేషన్. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ చెయ్యి కాస్త ఆగుతోంది. సూర్యాపేటలో టీచర్ని. బోర్డు మీద రాసి వెనక్కి తిరగాలంటే ఇరవై ఏళ్ళుగా నాకో జంకు. హాజరుపట్టీని ఎప్పుడూ గుండెలకు హత్తుకునే నడిచాను. నడుం వంగిపోయింది. బ్రా పట్టీలు భుజాల మీద వేలు పట్టేంత గాడి చేశాయి. ఎండాకాలం వస్తే రొమ్ముల కింద చర్మం ఒరుసుకుపోయి పుండ్లు. మెడనొప్పికి వాడని మాత్ర లేదు, పెట్టుకోని బెల్టు లేదు. చివరికి హైదరాబాద్‌లో ఒక డాక్టరమ్మ, ‘‘మీ నొప్పి మెడది కాదమ్మా, బరువుది’’ అని చెప్పింది.

రొమ్ములకు కాస్మెటిక్ సర్జరీ అంటే జనానికి పెంచుకోవడమే గుర్తొస్తుంది. 1962లో అమెరికాలోని హ్యూస్టన్‌లో మొట్టమొదటి సిలికాన్ ఇంప్లాంట్లు పెట్టించుకున్న టిమీ జీన్ లిండ్సే అసలు పచ్చబొట్టు తీయించుకోవడానికి ఆసుపత్రికి వెళ్ళిందట. డాక్టర్లు ఈ కొత్త ఆపరేషన్ సంగతి చెబితే, తనకు చెవులు సరిచేయించుకోవాలని ఉందని అందట. ఆడవాళ్ళు అడిగేది ఒకటి, వాళ్ళకు దొరికేది ఒకటి! నేను అడిగిందే నాకు దొరికింది. అందుకే కాబోలు, ఫిర్యాదు చేసే వీల్లేకపోయింది.

ఇన్సూరెన్స్ వాళ్ళు ఇది అందం కోసం చేసుకునేదంటూ డబ్బులివ్వలేదు. దాచుకున్న సొమ్మే పెట్టాం. డాక్టరమ్మ చలికాలంలో అయితే మేలంది గానీ, టీచర్లకు సెలవులు మే నెలలోనే కదా! ఆపరేషనయ్యాక కారులో విజయవాడ హైవే మీద కోదాడ వస్తుంటే, సీటుబెల్టుకూ ఛాతీకీ మధ్య దిండు పెట్టుకుని కూర్చున్నాను. స్పీడుబ్రేకర్ వచ్చినప్పుడల్లా మా ఆయన నాకంటే ముందు ‘అమ్మా’ అనేవాడు.

అసలు తప్పు అక్కడ కాదు, అంతకు ముందే చేశాను. మిర్యాలగూడలో మా అత్తగారింటికి నిజం చెప్పలేదు. ‘‘ఛాతీలో చిన్న గడ్డ ఉంటే తీశారు’’ అని చెప్పించాను. గడ్డ అంటే జాలిపడతారు. సైజు తగ్గించుకున్నానంటే నవ్వుతారు, ‘ఈ వయసులో సోకులా’ అంటారు. 2013లో హాలీవుడ్ నటి ఏంజెలినా జోలీ, క్యాన్సర్ రాకముందే రొమ్ములు తీయించుకుని మళ్ళీ ఆకారం చేయించుకున్న సంగతి పత్రికలో రాసి ప్రపంచమంతటికీ చెప్పింది. నేను మా ఆడబిడ్డకే చెప్పలేకపోయాను.

వారం తర్వాత కట్టు మార్చినప్పుడు మొదటిసారి అద్దంలో చూసుకున్నాను. వాచి, కమిలి, ఒకటి పైకి ఒకటి కిందికి... కుట్లు నల్లటి చీమల బారులా ఉన్నాయి. ఇరవై ఏళ్ళు వద్దనుకున్న ఒంటి మీద ఆ క్షణం ఎంత బెంగ పుట్టిందో చెప్పలేను. ‘బాగున్నదాన్ని పాడుచేసుకున్నానా?’ అని రాత్రంతా అదే ఆలోచన. వెల్లకిలా తప్ప పడుకోకూడదు. కూలరు గాలికి కూడా ఆగని చెమట, దానిపైన బిగుతు బ్రా. కరెంటు పోతే నరకం. మామిడిపండ్లు తెస్తే తినబుద్ధి కాలేదు. పలకరించడానికి వచ్చినవాళ్ళు ‘‘గడ్డ మంచిదేనంటనా?’’ అని గొంతు తగ్గించి అడిగేవారు. ‘‘ఆఁ, మంచిదే’’ అనేదాన్ని. వాళ్ళు దేవుడికి దండం పెట్టుకునేవారు. నాకు నేల చీలితే బాగుండుననిపించేది.

పదకొండో రోజున పెద్దత్తమ్మ వచ్చింది. అంటే మా అత్తమ్మకు అక్క. మిర్యాలగూడలో రైసుమిల్లుల పక్క వీధిలో ఉంటుంది. డెబ్బై దాటిన మనిషి, ఆ ఎండలో హుజూర్‌నగర్ మీదుగా బస్సులో ఒక్కతే వచ్చింది. అమ్మను టీ పెట్టమని పంపి, తలుపు దగ్గరికి వేసింది. నా పక్కన మంచం మీద కూర్చుని కొంగు తీసింది. ఎడమవైపు ఏమీ లేదు. అడ్డంగా ఒక గీత, అంతే. జాకెట్టు లోంచి పాతచీర గుడ్డల ఉండ తీసి పక్కన పెట్టింది.

‘‘పందొమ్మిదేండ్లాయె. ఎంఎన్‌జేల తీసేసిండ్రు. నేను బతికే ఉన్న చూడు. నీకేం గాదు బిడ్డా, భయపడకు’’ అంది.

ఆపరేషన్ జరిగిందని తెలుసు గానీ, ఆ గుడ్డల సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. నా అబద్ధాన్ని నమ్మి, నాకు ధైర్యం చెప్పడానికి ఆమె తన ఒళ్ళు చూపించింది. ఇక ఉండలేకపోయాను. ‘‘పెద్దత్తమ్మా, నాది గడ్డ కాదు’’ అంటూ మొత్తం చెప్పేశాను. బరువు, మెడ, పుండ్లు, చిన్నప్పటి నుంచి విన్న మాటలు... అన్నీ. లేచి వెళ్ళిపోతుందనుకున్నాను.

చాలాసేపు ఏమీ అనలేదు. గుడ్డల ఉండ మళ్ళీ సర్దుకుంది. ‘‘గడ్డ అని చెప్పకుండా ఉండాల్సింది. మూడు దినాలు నిద్ర పోలే నేను’’ అంది కాస్త కటువుగానే. తర్వాత, ‘‘కుట్లు సలుపుతున్నయా?’’ అంది.

‘‘సలుపుతున్నాయి.’’

‘‘మరి సలపవా! కోసినంక ఎవరికైనా సలుపుతది’’ అంది. మళ్ళీ ఏడుపొచ్చింది. ఈసారి ఎవరూ ఎందుకని అడగలేదు.

రెండో వారం కుట్లు చూపించడానికి వెళ్ళినప్పుడు డాక్టరమ్మకు నా దిగులు చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు. మత్తుమందు, నొప్పి మందులు, నిద్ర లేకపోవడం, ప్రతిదానికీ ఒకరి మీద ఆధారపడటం, ఇవన్నీ కలిసి మొదటి వారాల్లో చాలామందిని ఏడిపిస్తాయట. ఇష్టపడి చేయించుకున్నవాళ్ళు కూడా ‘ఎందుకు చేయించుకున్నానురా’ అనుకుంటారట. వాపు దిగి అసలు ఆకారం తెలియడానికి మూడు నుంచి ఆరు నెలలు, మచ్చలు లేతబడటానికి ఏడాది పైనే పడుతుంది, ఇప్పుడే అద్దంతో తీర్పు చెప్పించుకోకండి అంది. జ్వరం వచ్చినా, ఒకవైపే ఉన్నట్టుండి వాచినా వెంటనే రమ్మంది. దిగులు రెండు వారాలు దాటినా తగ్గకపోతే, తిండీ నిద్రా పోతే దానికీ డాక్టరు ఉన్నారని చెప్పింది. 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడతారట. ఆపరేషన్‌కు ముందే ఎవరైనా ఇదంతా చెప్పి ఉంటే ఆ నాలుగో రోజు నాకు అంత భయం వేసేది కాదేమో.

జూన్‌లో బడి తెరిచారు. బరువులు ఎత్తొద్దన్నారు కనుక నోటుపుస్తకాల కట్టలు పిల్లలే మోశారు. ప్రార్థనలో నిలబడితే పక్క టీచరు, ‘‘ఏంటి మేడం, పొడుగయ్యారు?’’ అంది. మిర్యాలగూడలో అత్తమ్మకు నిజం నేనే చెప్పాను. పది రోజులు మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడుతోంది గానీ ఆ సంగతి మాత్రం ఎత్తదు.

పెద్దత్తమ్మకు నూలుతో అల్లి లోపల మెత్తగా నింపిన కృత్రిమ రొమ్ము ఒకటి, అది పట్టే జేబున్న బ్రాలు రెండు పోస్టులో తెప్పించి పంపాను. వారానికి ఫోన్ చేసింది. బాగుందని అనలేదు, బాగాలేదనీ అనలేదు.

‘‘ఒక్కటే పంపినవేందే? ఉతికి ఆరేసిన నాడు నేనేం పెట్టుకోవాలె?’’ అంది.