దీపం దించి చూడవలసిన కొండ

గత జులైలో నాలుగు రోజులు సెలవు దొరికితే, లాస్ ఏంజిల్స్ నుంచి 395వ నంబరు రోడ్డు పట్టుకుని, మా ఆవిడా నేనూ మా నాలుగేళ్ళ బాబూ మామత్ లేక్స్ వెళ్ళాం. దాదాపు 300 మైళ్ళు. దారి పొడుగునా ఎడమచేతి వైపు సియెర్రా నెవాడా కొండలు.

ఊరి పక్కనున్న మామత్ కొండ అగ్నిపర్వతమని అక్కడికి వెళ్ళేదాకా నాకు తెలియదు. చలికాలంలో స్కీయింగుకు జనం ఎగబడే ఈ కొండ, సుమారు 1,10,000 ఏళ్ళ క్రితం మొదలై 57,000 ఏళ్ళ క్రితం దాకా, చిక్కటి లావా విడతలు విడతలుగా ఉబికి గుట్ట మీద గుట్టగా పేరుకున్నది. దానికి ఉత్తరాన ఉన్న ఇన్యో గుట్టలు పేలి 600, 700 ఏళ్ళే అయింది. భూగర్భ శాస్త్రజ్ఞుల లెక్కలో అది నిన్నటి మాట.

కొండ దక్షిణపు వాలులో, దాదాపు 9,000 అడుగుల ఎత్తున, హార్స్‌షూ సరస్సు ఉంది. కారు దిగగానే ఎదురుగా ఎండి మోడులైన చెట్లు. ఒక్కదానికీ ఆకు లేదు. కార్చిచ్చేమో అనుకున్నాను.

మా ఆవిడ బోర్డు చూసి, "ఏమండీ, ఇక్కడ కార్బన్ డయాక్సైడ్ ఉందట" అంది.

"మనం వదిలే గాలే కదా" అని తేలిగ్గా తీసేశాను. అప్పటికే మావాడు చెట్ల మధ్య ఓ పల్లంలో చతికిలబడి మట్టి తవ్వుతున్నాడు. ఆవిడ నా జవాబు కోసం ఆగలేదు. పరుగున వెళ్ళి వాణ్ణి ఎత్తుకొచ్చింది. అదృష్టవశాత్తూ వాడికేమీ కాలేదు. తర్వాత బోర్డు మొత్తం చదివి, డాక్టరునై ఉండీ అలా అన్నందుకు సిగ్గుపడ్డాను.

1989లో కొన్ని నెలలపాటు ఈ కొండ కింద చిన్న చిన్న భూకంపాలు వచ్చాయి. లోపల శిలాద్రవం కొంత పైకి జరిగి, రాళ్ళు బీటలిచ్చి, అడుగున ఉన్న వాయువుకు దారి దొరికింది. 1990లో చెట్లు చావడం కనిపించింది. కరువో, పురుగో అనుకున్నారు. 1994లో మట్టిని పరీక్షిస్తే అసలు సంగతి బయటపడింది. ఆకుకు ఆహారమైన వాయువే, మట్టిలో నిండి వేరుకు ఆక్సిజన్ అందకుండా చేసింది. 100 ఎకరాలకు పైగా అడవి పోయింది.

ఈ వాయువు గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు. పల్లాల్లోనూ మంచు గుంటల్లోనూ నీళ్ళలా నిలుస్తుంది. పీల్చే గాలిలో పదో వంతు చేరితే మనిషి స్పృహ తప్పుతాడు. 2006 ఏప్రిల్‌లో ఇదే కొండ మీద, ఆవిరి బిలం పైన మంచు కుంగి, స్కీ పట్రోల్ ఉద్యోగులు ముగ్గురు చనిపోయారు. నిలబడ్డ నా ముక్కు దగ్గర గాలి మంచిదే కావచ్చు. కూర్చున్న మావాడి ముక్కు దగ్గరి సంగతి వేరు.

మా ఊళ్ళో పాడుబావి పూడిక తీయించేటప్పుడు తాతగారు ముందు తాడు కట్టి దీపం దించేవారు. దీపం కొండెక్కితే మనిషిని దిగనిచ్చేవారు కాదు. చదువుకోని ఆయనకున్న జాగ్రత్త నాకు లేకపోయింది.

మీరూ తప్పక వెళ్ళండి. సరస్సు చాలా అందంగా ఉంటుంది. ముందు బోర్డు చదవండి, పిల్లల చెయ్యి వదలకండి.