ఆఖరి కూత... నాలుగో ఫ్రేము!

సినిమాల్లో కబడ్డీ ఆట మీరు చూసే ఉంటారు. ఆఖరి కూత. హీరోగారు ఒంటరిగా అవతలి కోర్టులోకి వెళతారు. నలుగురైదుగురు ఆయన మీద పడతారు. ఆయన నేలమీద పాక్కుంటూ చెయ్యి చాస్తారు. అప్పుడు కెమెరా ఎక్కడికి వెళుతుంది? తిన్నగా వేళ్ల దగ్గరికి! వేళ్లు, సున్నపు గీత, మధ్యన బెత్తెడు దుమ్ము. స్లో మోషన్‌లో ఆ వేళ్లు గీతను తాకాయో లేదో, హాల్లో ఈలలు, గాల్లో కాగితం ముక్కలు!

2003 సంక్రాంతికి "ఒక్కడు" వచ్చినప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. అచ్చంపేట వెళ్లి ఆ సినిమా చూసొచ్చి, మా వాకిట్లో గీత గీసి, మా తమ్ముణ్ణొక్కణ్ణే ఏడుగురు డిఫెండర్లుగా ఊహించుకుని ఆడి, మోకాలు చీల్చుకున్నవాణ్ణి. మహేష్‌బాబుకైతే క్లోజప్ తీయడానికి ఒక యూనిట్ ఉంది. మరి ఊళ్లో ఆడే పిల్లలకు ఎవరు తీస్తారు?

ఒక్కసారి నేను తీశాను. తీసి, దాచేశాను. ఆ సంగతే ఇవాళ చెప్పబోతున్నాను.

నాది బి.ఏ. డిగ్రీ. వృత్తి విలేఖరితనం, అదీ ఏ పత్రికకీ సొంతం కాని రకం. రాసినదానికి లైన్ల లెక్కన డబ్బు. ఆ లెక్క మీద ఇల్లు గడవదని తెలిశాక, పాత కెమెరా ఒకటి, పాత జూమ్ లెన్సు ఒకటి, పోస్టుకార్డు సైజు ఫోటో నిమిషంలోపు తీసిచ్చే చిన్న ప్రింటరు ఒకటి కొన్నాను. బ్యాటరీతో సహా అన్నీ బండి వెనక కట్టుకుని, స్కూలు ఆటలకూ పండగ టోర్నమెంట్లకూ వెళ్లడం మొదలుపెట్టాను. ఆడుతుండగా పిల్లల్ని తీయడం, అక్కడికక్కడే అచ్చువేసి 50 రూపాయలకు అమ్మడం. కాగితం, రిబ్బను ఖర్చే 20 దాటేది. మిగిలింది పెట్రోలుకూ, నాకూ!

మా అమ్రాబాద్ వైపు పెద్ద పెద్ద కెమెరాలకు కొదవేం లేదు. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర నిలబడితే తెలుస్తుంది. హైదరాబాదు నుంచి కార్లలో దిగుతారు, మోచేతి పొడవు లెన్సులతో. అన్నీ ఫరహాబాద్ సఫారీలో పులి కోసమే. పులి వాళ్లకు కనిపించిందో లేదో ఆ నల్లమలకే ఎరుక. మా పిల్లలు మాత్రం రోజూ సాయంత్రం కనిపిస్తూనే ఉంటారు, కానీ వాళ్లవైపు లెన్సు తిప్పేవాణ్ణి నేనొక్కణ్ణే.

ఈ వ్యాపారం నాకు కొన్ని చిత్రాలు నేర్పింది. రైడర్ ముఖం కావాలంటే డిఫెండర్ల వెనక కూర్చోవాలి. వెలుతురుంటే షట్టరు సెకనులో వెయ్యో వంతు పెట్టాలి. అప్పుడే ఎగిరిన దుమ్ము కూడా గాల్లో నిలబడుతుంది. సాయంత్రమైందా, ఆ షట్టరుకు బొమ్మ నల్లబడుతుంది, తగ్గిస్తే చేతులు చెదిరిపోతాయి. ఇక అమ్మకం సంగతి. గాల్లో ఉన్న ఫోటో పిల్లలు కొంటారు. ముఖం స్పష్టంగా ఉన్న ఫోటో తల్లులు కొంటారు. కిందపడ్డ ఫోటో ఎవరూ కొనరు. ఒకడు కొంటే చాలు, దాన్నే ఫోనుతో తీసి వాట్సాప్ గ్రూపులో పెడతాడు. మిగతా ఆరుగురికీ ఉచిత ప్రదర్శన! అయినా కాగితం మీది బొమ్మకు గిరాకీ పూర్తిగా పోలేదు. దేవుడి పటాల పక్కన ఫోను వేలాడదీయలేరు గదా.

ఇప్పుడు ఫ్లాష్‌బ్యాక్. 2023 సంక్రాంతి. పదహారేళ్ల లోపు పిల్లల ఫైనలు. రెండు ఊళ్ల పేర్లూ రాయను, అడగొద్దు. స్కోరు 25 - 24. ఆట ముగియడానికి ఆఖరి కూత. ఓడుతున్న జట్టు నుంచి సన్నగా, పొడుగ్గా ఉన్న పిల్లగాడు బయల్దేరాడు. కప్పు ఫోటో కోసమని నేను అప్పటికే మధ్యగీత దగ్గరికొచ్చి కూర్చున్నాను. అంపైరు అదే గీతకు అవతలి కొసన ఉన్నాడు.

పిల్లగాడు ఒకణ్ణి తాకి తిరిగాడు. ముగ్గురు మీద పడ్డారు. ఒకడు చీలమండ, ఒకడు నడుము, మూడోవాడు ఏకంగా వీపు మీదే. నేను బటన్ నొక్కిపట్టాను. నా కెమెరా సెకనుకు 5 ఫ్రేములు తీస్తుంది. ఈల మోగింది. "ఔట్!" 26 - 24. గెలిచిన ఊరు గ్రౌండు మీదికి వచ్చిపడింది. డప్పులు, రంగులు!

కెమెరా వెనక తెరలో చూసుకున్నాను. మొదటి ఫ్రేము... దుమ్ము. రెండు... మోచేయి. మూడు... గీతకు జానెడు దూరంలో చెయ్యి. నాలుగో ఫ్రేములో మూడు వేళ్లు గీత దాటి ఉన్నాయి. చెదిరిన బొమ్మే, కానీ వేళ్లు వేళ్లే, గీత గీతే. అది పాయింటు అయితే ముగ్గురూ ఔటు. 27 - 25. కప్పు అటు పోవాలి.

నేనేం చేశానంటారా? అప్పుడే గెలిచిన ఊరి పెద్దమనిషి నా భుజం మీద చెయ్యేశాడు. "30 ఫోటోలు కొట్టు తమ్మీ, పిల్లలందరికీ" అన్నాడు. 1500 రూపాయలు! ఆ నెలలో నాకు పత్రికల నుంచి వచ్చింది అంతకన్నా ఎక్కువేం కాదు. ప్రింటరు ఆన్ చేశాను.

1878లో కాలిఫోర్నియాలో మైబ్రిడ్జ్ అనే ఆయన, పరుగెత్తే గుర్రం నాలుగు కాళ్లూ ఒక్కసారే నేలను విడుస్తాయా అన్న వాదన తేల్చడానికి వరసగా కెమెరాలు పెట్టి, వాటికి దారాలు కట్టి ఫోటోలు తీశాడు. విడుస్తాయని తేలింది. మనం చూసే సినిమాకు తాతల్లో ఆ గుర్రం ఒకటి. ప్రో కబడ్డీలోనూ జట్లు రివ్యూ అడగొచ్చు, వీడియో తిప్పి చూస్తారు. మా గ్రౌండులో ఆ రోజు రివ్యూ మొత్తం నా మెడలో వేలాడుతోంది. నోరు మెదపలేదు.

సాకు ఒకటి దొరికింది లెండి. ఫోటోలో కూత వినబడదు. వేళ్లు గీత దాటేసరికి వాడి కూత తెగిపోయి ఉంటే ఔటే గదా! ఈల ముందో, వేళ్లు ముందో ఏ ఫ్రేము చెబుతుంది? అలా సమాధానపడి 30 ఫోటోలూ అచ్చువేశాను.

చీకటిపడే వేళకు ఆ పిల్లగాడు వచ్చాడు, మోకాలికి రుమాలు కట్టుకుని.

"అన్నా, ఆఖరి కూత ఫోటో ఉన్నదానే?"

"రాలేదు తమ్మీ. అంతా దుమ్ము" అన్నాను.

కాసేపు నిలబడ్డాడు. తర్వాత, మొదటి సగంలో తను బోనస్ గీత మీద కాలు వేసిన ఫోటో చూపించమన్నాడు. "అమ్మకు సూపెడ్త" అని రెండు ఇరవైలు, ఒక పది తీసి ఇచ్చాడు. తీసుకున్నాను. చదివేవాళ్లు తిట్టుకోవచ్చు... తీసుకున్నాను.

రెండేళ్లు ఆ ఫ్రేము నా హార్డ్ డిస్కులో ఉంది. ఒకరోజు దాన్ని అచ్చువేసి సంచిలో పెట్టుకున్నాను. పెట్టుకున్నాక ఇంకో మూడు నెలలు ఆ సంచితోనే తిరిగాను. ధైర్యం అంటే సినిమా డైలాగు కాదని తెలిసొచ్చింది. చివరికి ఒక సాయంత్రం అచ్చంపేట బస్టాండులో వాడే ఎదురుపడ్డాడు. మీసం వచ్చింది. ఇంటర్ చదువుతున్నాడట. ఫోటో తీసి చేతిలో పెట్టి, ఆ రోజు అబద్ధం చెప్పానన్నాను.

వాడు చాలాసేపు చూశాడు. వేళ్ల మీద వేలు పెట్టి చూశాడు.

"అప్పటికి కూత ఉన్నదా తమ్మీ?" అడగకుండా ఉండలేకపోయాను.

"ఉన్నదన్నా. తెగితే నేనే బయటికి పోతుంటి." కోపం ఏమీ లేదు గొంతులో. అదే ఎక్కువ బాధించింది. "అంపైర్ సారుకు గిట్ల సూపెడ్తె ఏమంటుండెనో... గ్రూపుల పెట్టొచ్చునా అన్నా?"

వాడి బస్సు అప్పటికే కదలబోతోంది. ఆ ఊరి నుంచి ఏటా వచ్చే 30 ఫోటోల ఆర్డరు కళ్లముందు మెదిలింది. మెదల్లేదంటే అది రెండో అబద్ధం అవుతుంది.

"పెట్టు" అన్నాను.

ఇంటికి చేరేలోపే ఫోను మోగింది. ఆ పెద్దమనిషే! "ఏందయ్యా, మా పోరగాండ్ల ఫోటోలు 30 కొన్నం గదా నీ దగ్గర! గప్పుడు లేని ఫోటో గిప్పుడెట్ల మొలిచింది?"

"గప్పుడు గూడ ఉండె సార్" అన్నాను.

ఆ తర్వాతి సంక్రాంతికి ఆ టోర్నమెంటుకు నన్ను పిలవలేదు. ఎవరో కొత్త కుర్రాడు డ్రోను తెచ్చాడట. పైనుంచి చాలా బాగా వచ్చాయంటున్నారు, ఫోటోలు.