వెంట ఎవరొచ్చారు?

ఆడమనిషి ఒక్కతే కారు నడుపుకుంటూ నాలుగు ఊళ్లు దాటి వెళ్తే అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "వెంట ఎవరొచ్చారమ్మా?" టీ కొట్టు దగ్గరా అదే, టోల్ గేటు దగ్గరా అదే, లాడ్జిలోనూ అదే. గట్టు మీద కూర్చున్న ముసలమ్మ ఆప్యాయంగా అడుగుతుంది, లాడ్జి గుమాస్తా అనుమానంగా అడుగుతాడు. "ఎవరూ రాలేదు, ఒక్కదాన్నే వచ్చాను" అని తడబడకుండా చెప్పడానికి మాకు యాభై ఏళ్లు పట్టింది.

మేము అయిదుగురం. అందరం యాభై దాటినవాళ్లమే. ఒకరు రిటైరైన నర్సు, ఒకరు అంగన్‌వాడీ టీచరు, ఒకరు చీరల వ్యాపారం చేస్తారు, ఒకరు బడి పంతులమ్మ, ఒకరు లా చదివి సంఘసేవలో ఉన్నారు. పిల్లల చదువులూ పెళ్లిళ్లూ ఒక కొలిక్కి వచ్చాక డ్రైవింగ్ నేర్చుకున్నాం. ఏటా వర్షావాసం ముగిసిన ఆశ్వయుజ పౌర్ణమి తరువాత, ఎండలు ముదిరేలోపు, ప్రతి ఒక్కరం ఒక్కో ప్రయాణం చేస్తాం. ఎవరి ప్రయాణం వాళ్లదే. తిరిగొచ్చాక అయిదుగురం ఒకచోట కూర్చుని చూసినదీ పడినదీ చెప్పుకుంటాం. ఇక్కడ "మేము" అని రాస్తున్నది అందుకే. కారులో మాత్రం ప్రతిసారీ ఒక్కరే.

ప్రయాణాలు మాకు కొత్త కాదు. నాగపూర్ దీక్షాభూమికి, ముంబై చైత్యభూమికి బస్సుల్లో, రైళ్లలో ఎన్నోసార్లు వెళ్లాం. ఆ ప్రయాణాల్లో ఉన్న ఆత్మీయతను తక్కువ చేయడం లేదు. కానీ అక్కడ బస్సు ఎప్పుడు బయలుదేరాలో, ఎక్కడ ఆగాలో ఎవరో నిర్ణయించేవారు. మేము రాత్రంతా పులిహోర కలిపి పొట్లాలు కట్టాం, పిల్లల్ని లెక్కపెట్టుకున్నాం, సంచుల దగ్గర కాపలా కూర్చున్నాం. వంటిల్లు మాతోపాటే బస్సెక్కేది.

ఒంటరి ప్రయాణం ఇచ్చే మొదటి ఫలం నిర్ణయం. మాలో ఒకరు ఏలూరు నుంచి కామవరపుకోట మీదుగా గుంటుపల్లి వెళ్లారు. కొండ ఎక్కి, రాతిలో తొలిచిన గుండ్రటి చైత్యగృహంలోకి వెళ్లారు. కర్ర వాసాల ఇంటిని చూసి చెక్కినట్టు కప్పు లోపల రాతి వాసాలున్నాయి, మధ్యలో స్తూపం. అక్కడ గంటసేపు కూర్చున్నారు. "పదండి, టైమైంది" అన్నవాళ్లు లేరు. ఆమె మాతో చెప్పింది స్తూపం గురించి కాదు, ఆ గంట గురించి. పెళ్లైన ముప్పై రెండేళ్లలో ఎప్పుడు లేవాలో తానే అనుకుని లేచిన మొదటి గంట అదేనట.

చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ ఎక్కడ పెట్రోలు పోయించుకోవాలి, ఏ మలుపు తిరగాలి, మబ్బు పడితే ముందుకు వెళ్లాలా వెనక్కి తిరగాలా అంటూ రోజంతా నిర్ణయాలు తీసుకున్న మనిషి ఇంటికి వచ్చాక కూడా ఆ అలవాటు పోదు. ఆమె తిరిగొచ్చిన నెలలోనే కొడుకు గిఫ్ట్ డీడ్ కాగితాలు తెచ్చి సంతకం పెట్టమన్నాడు. ఇల్లు ఆమె పేరు మీద ఉంది. ఇదివరకు అయితే కళ్లజోడు కోసం కూడా వెతక్కుండా సంతకం చేసేది. ఈసారి "చదివి చెబుతాను నాన్నా" అంది. వారం రోజులు చదివింది, మమ్మల్ని అడిగింది. గిఫ్ట్ డీడ్ ఒకసారి రిజిస్టరైతే వెనక్కి తీసుకోవడం చాలా కష్టం. వీలునామా అయితే బతికున్నంత కాలం మార్చుకోవచ్చు. ఆమె వీలునామా రాసింది. కొడుకు మూడు నెలలు ముఖం ముడుచుకున్నాడు, తరువాత సర్దుకున్నాడు. ఇల్లు ఇప్పటికీ ఆమెదే.

రోడ్డు మాకు విహారస్థలం మాత్రమే కాదు, దానికొక చరిత్ర ఉంది. బాబాసాహెబ్ తన "వెయిటింగ్ ఫర్ ఏ వీసా"లో చెప్పిన తొలి అనుభవం రోడ్డు మీదిదే. 1901లో పిల్లలంతా తండ్రిని చూడడానికి బయలుదేరి మసూర్ స్టేషన్‌లో దిగారు. వాళ్లు ఏ కులంవాళ్లో తెలిశాక బండి కట్టడానికి ఎవరూ ముందుకు రాలేదు. చివరికి రెట్టింపు కిరాయికి ఒకడు ఒప్పుకున్నాడు, కానీ బండి పిల్లలే తోలుకోవాలి, తాను పక్కన నడిచి వస్తానన్నాడు. దారిలో తాగడానికి నీళ్లు దొరకలేదు. 1929లో చాలీస్‌గావ్‌లోనూ అంతే. టాంగావాళ్లు ఆయన్ని ఎక్కించుకుని తోలడానికి ఇష్టపడలేదు. మహర్‌వాడ మనిషి, ఎన్నడూ టాంగా తోలనివాడు, పగ్గాలు పట్టుకున్నాడు. కల్వర్టు మీద టాంగా తిరగబడింది, బాబాసాహెబ్ కాలు విరిగింది.

ఆనాడు బండి తామే తోలుకోవలసి రావడం అవమానం. ఈనాడు స్టీరింగ్ మా చేతుల్లో ఉండడం మేము కోరుకున్నది. ఈ రెంటి మధ్య ఒక రాజ్యాంగం ఉంది. 15(2) అధికరణం చదవండి. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు, వీటిలో దేని కారణంగానూ ఏ పౌరుడినైనా, పౌరురాలినైనా దుకాణాలకు, హోటళ్లకు రాకుండా ఆపకూడదు. ప్రభుత్వ ధనంతో నడిచే బావులు, చెరువులు, రోడ్లు వాడుకోకుండా ఆపకూడదు. రోడ్డు అనే మాట అక్కడ విడిగా రాసి ఉంది. కులం పక్కనే లింగం కూడా రాసి ఉంది. దేశమంతటా స్వేచ్ఛగా తిరిగే హక్కు 19(1)(డి)లో ఉంది. పరీక్షల కోసం ఈ అధికరణాలను బట్టీ పట్టినవాళ్లం కూడా వాటి అర్థాన్ని రోడ్డు మీదే తెలుసుకున్నాం.

లాడ్జి సంగతి చెప్పాలి. మాలో లా చదివిన ఆమె గుంటూరు, మాచర్ల మీదుగా విజయపురి సౌత్ వెళ్లి, లాంచీ ఎక్కి నాగార్జునకొండ చూశారు. అక్కడ దొరికిన మూడో శతాబ్దపు శాసనం ఒకటి ఉపాసిక బోధిసిరి పేర ఉంది. కాశ్మీరం, గాంధారం, చైనా, వంగ, ద్రవిడ దేశాల వరకూ ధమ్మాన్ని వినిపించిన తామ్రపర్ణి ఆచార్యుల కోసం ఆమె చైత్యగృహం కట్టించింది. ఎక్కడెక్కడి దారులో నడిచి వచ్చిన పరాయివాళ్ల కోసం ఒక స్త్రీ నీడ కట్టింది. అది చూసి వస్తూ సాయంత్రం ఒక ఊళ్లో లాడ్జికి వెళ్తే గుమాస్తా రిజిస్టరు మూసేశాడు. "సింగిల్ లేడీస్‌కి రూం ఇవ్వం మేడం. మగవాళ్లు ఎవరైనా వెంట ఉంటే చూద్దాం."

ఆమె గొంతు పెంచలేదు. అక్కడున్న కుర్చీలో కూర్చుని, "మీరు అన్న మాటే కాగితం మీద రాసి, లాడ్జి ముద్ర వేసి ఇవ్వండి. 15వ అధికరణం మీద ఎక్కడ ఫిర్యాదు చేయాలో నాకు తెలుసు" అన్నారు. ఫోన్లు మోగాయి, అరగంట గడిచింది, గది ఇచ్చారు. ఆ రాత్రి తలుపుకు కుర్చీ అడ్డం పెట్టి పడుకున్నారు. గది గెలిచినా భయం పూర్తిగా పోలేదని ఆమే మాకు చెప్పారు. ఆ నిజాయితీ మాకు నచ్చింది. మరుసటి ఏడాది మాలో మరొకరు అదే లాడ్జికి వెళ్తే ఎవరూ ఏమీ అడగకుండా తాళం చెవి ఇచ్చారు.

రోడ్లు భద్రంగా ఉన్నాయని మేము చెప్పడం లేదు. ఇంట్లోవాళ్ల భయం ఉత్తిది అనడమూ లేదు. కానీ భయాల్లో తేడా ఉంది. ఒకసారి మోటారు సైకిలు ఒకటి మాలో ఒకరి కారు వెనకే నాలుగు కిలోమీటర్లు వచ్చింది. ఆమె వేగం పెంచలేదు. గుండె కొట్టుకోవడం గమనించింది, ఊపిరి గమనించింది, ఎదురైన పెట్రోల్ బంకులోకి తిప్పి జనం మధ్య ఆగింది. బండి తిన్నగా వెళ్లిపోయింది. అతను చెడ్డవాడో, ఇంటికి పోతున్న రైతో తెలియదు. తెలియకపోయినా సరైన పని చేసింది. కళ్లెదుట ఉన్న ప్రమాదం వేరు, చిన్నప్పటి నుంచి నూరిపోసిన భయం వేరు. మొదటిదానికి ఉపాయం కావాలి, రెండోదానికి ఎరుక కావాలి. ధ్యానంలో కూర్చుని విన్న ఈ మాట ఆమెకు నిజంగా అర్థమైంది ఆ నాలుగు కిలోమీటర్లలోనే.

ఉపాయాలు కూడా చెబుతాం. చీకటి పడకముందే చేరేటట్టు బయలుదేరతాం. ఎక్కడున్నామో మిగతా నలుగురికి ఫోనులో కనిపించేలా పెట్టుకుంటాం. అత్యవసరానికి 112, మహిళల సహాయానికి 181, జాతీయ రహదారి మీద బండి ఆగిపోతే 1033. ఏదైనా జరిగితే దగ్గరున్న ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. "మా పరిధి కాదు" అని పంపేయకూడదని 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోంది. పెట్రోల్ బంకుల్లో మరుగుదొడ్డి, తాగునీరు, టైర్లకు గాలి ఉచితంగా ఇవ్వాలి, అడగడానికి మొహమాటం వద్దు. స్టెప్నీ మార్చడం నేర్చుకోండి. జాకీ ఎత్తకముందే నట్లు కొద్దిగా వదులు చేయాలి. చేతి బలం చాలకపోతే స్పానర్ మీద కాలు వేసి తొక్కాలి. శాలిహుండం నుంచి వస్తుండగా టైరు పంక్చరైతే మా నర్సమ్మ తానే మార్చుకున్నారు. నలుగురు కుర్రాళ్లు సాయానికి వచ్చి, ఆమె చేస్తుంటే చూస్తూ నిలబడ్డారట. "ఎక్కడ నేర్చుకున్నారు పిన్నీ?" అని అడిగారట. ఆ పిలుపు ఆమెకు ఇప్పటికీ ముచ్చటే.

ఇది పట్నం మోజు అని కొందరు అన్నారు. థేరీగాథల్లో భద్దా కుండలకేశ ఉంది. రాజగృహంలో శ్రేష్ఠి కూతురు. ఊరూరా ఒంటరిగా తిరిగి, ఊరి మొదట ఇసుక కుప్పలో నేరేడు కొమ్మ గుచ్చి, వాదానికి ఎవరైనా రండి అని నిలిచిందని అట్ఠకథ చెబుతుంది. సారిపుత్తుని చేతిలో ఓడాక భిక్షుణి అయింది. అంగ, మగధ, వజ్జి, కాశీ, కోసల దేశాల్లో యాభై ఏళ్లు తిరిగానని తన గాథలోనే చెప్పుకుంది. కాబట్టి ఒంటరి స్త్రీ దారిన నడవడం ఈ నేలకు నిన్నమొన్నటి సంగతి కాదు.

కారు లేనివాళ్ల మాటేమిటని అడుగుతారు. మాలో ఇద్దరికి ఇప్పటికీ సొంత కారు లేదు, మిగతావాళ్లది అడిగి తీసుకుంటారు. అదీ కుదరకపోతే స్కూటీ ఉంది, బస్సు ఉంది. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉంది. పనికీ ఆసుపత్రికీ చుట్టాల ఇళ్లకీ ఆ బస్సు ఎక్కుతూనే ఉన్నాం. ఏ పనీ లేకుండా, ఎవరి కోసమూ కాకుండా, ఒక్కసారి ఎక్కి చూడండి. మొదటిసారికి పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చే దూరం చాలు. అన్నం వండి మూత పెట్టి వెళ్లనక్కర్లేదు, ఒక పూట వాళ్లు వండుకుంటారు. మంచినీళ్ల సీసా, ఛార్జింగు ఉన్న ఫోను, ఆధార్ కార్డు పెట్టుకోండి. తిరిగొచ్చాక మరో ఆడమనిషికి ఆ ప్రయాణం గురించి చెప్పండి. మా అయిదుగురిలో నలుగురం బయలుదేరింది అలా ఒకరు చెప్పగా వినే.