మిగిలిన మూడు డిస్కులు

ఖరీదైన పెద్ద డిస్కు ఒకటి కొనే బదులు చవకైన చిన్న డిస్కులు కొన్నింటిని కలిపి వాడుకోవచ్చని, వాటిలో ఒకటి పోయినా సమాచారం నిలుపుకోవచ్చని 1988లో బర్కిలీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ ఒక పేపర్ రాశారు. ఆ పద్ధతికి వాళ్ళు పెట్టిన పేరే రెయిడ్.

మా మావయ్య ఇంట్లో ఉన్నది రెయిడ్-5 పెట్టె. నాలుగు డిస్కులు, ఒక్కోటి 4 టెరాబైట్లు. అమ్మమ్మ పాడిన పెళ్ళిపాటలు, మంగళహారతులు క్యాసెట్ల నుంచి ఎక్కించి అందులో దాచాడు. తర్వాత క్యాసెట్లకి బూజు పట్టింది. అమ్మమ్మా లేదు. పోయినేడు ఒక డిస్కు పోయింది.

పోయిన డిస్కుకి నకలంటూ ఎక్కడా ఉండదు. ఉండేది ఒక లెక్క. నాలుగు డిస్కుల్లో ఒకే వరసలో ఉన్న బిట్లలో 1లు ఎప్పుడూ సరిసంఖ్యలో ఉండాలి. మిగిలిన మూడింట్లో 1, 0, 0 కనిపిస్తే పోయినదాంట్లో ఉన్నది 1. అంతే. ఏ ఒక్క డిస్కుకీ దాని సంగతి తెలీదు, మూడూ కలిస్తేనే తెలుస్తుంది.

చిక్కంతా ఆ 'మూడూ' దగ్గరే. "కొత్తది పెట్టేస్తే అదే సర్దుకుంటుందిరా" అన్నాడు మావయ్య. సర్దుకోవాలంటే మూడింటినీ మొదట్నుంచి చివరిదాకా చదవాలి, మొత్తం 12 టెరాబైట్లు. మధ్యలో ఒక్కచోట చదవలేకపోయినా కొన్ని పెట్టెలు ఆ డిస్కునీ పక్కన పెట్టేస్తాయి. ఒకే రోజు కొని, ఒకే వేడిలో ఏళ్ళ తరబడి తిరిగిన డిస్కులవి.

"వద్దు మావయ్యా, ముందు మూడింటికీ నకళ్ళు తీద్దాం" అన్నాను.

డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాం సులువుగా చదవగలిగినదంతా ముందు తీసుకుంటుంది, మొరాయించిన చోట్లకి తర్వాత మళ్ళీ వస్తుంది. రెండు డిస్కులు పూర్తిగా వచ్చాయి. మూడోదాంట్లో కొన్ని చోట్లు ఎన్నిసార్లడిగినా పలకలేదు. ఆ నకళ్ళని లినక్స్‌లో, ఏదీ రాయడానికి వీల్లేకుండా, చదవడానికి మాత్రమే జతచేశాం. ఫోల్డర్లు కనిపించాయి.

పాటలన్నీ వచ్చాయి, ఒక అప్పగింతల పాటలో నాలుగైదు సెకన్లు తప్ప. ఆ చోట మూడోదాంట్లో ఉన్నదీ పోయింది, దాని సాయంతో తేలాల్సిన మొదటిదాంట్లోదీ పోయింది.

ఆ ఖాళీలో ఏముందో అమ్మ వెంటనే పాడేసింది. పిన్ని ఒక మాట దగ్గర ఒప్పుకోలేదు. మావయ్య పిన్ని వైపు. కాసేపటికి చరణం కుదిరింది, కాగితం మీద రాసుకున్నాం. డిస్కుల లెక్క కుదిరితే పాట ఉన్నదున్నట్టుగా తిరిగొస్తుంది, మధ్యలో పీల్చిన ఊపిరితో సహా. మా లెక్కకి మాటలే వచ్చాయి, గొంతు రాలేదు.

ఇప్పుడు ఆ పాటలన్నీ ఇంకో డిస్కులో, పిన్ని బీరువాలో కూడా ఉన్నాయి.