బ్రాకెట్ బయటి రెండు

తొమ్మిదో తరగతి పిల్లల్ని రసాయన ఫార్ములాల్లో తికమకపెట్టేది బ్రాకెట్టే. పొలంలో నాన్న చల్లే అమ్మోనియం సల్ఫేట్‌నే తీసుకోండి. ఒక నత్రజని, నాలుగు హైడ్రోజన్లు కలిస్తే అమ్మోనియం. ఉమ్మడి కుటుంబంలా ఆ ఐదూ కలిసే ఉంటాయి. దాని ఆవేశం ప్లస్ 1, సల్ఫేట్‌ది మైనస్ 2. లెక్క సరిపోవాలంటే ఒక సల్ఫేట్‌కి రెండు అమ్మోనియంలు కావాలి. అందుకే అమ్మోనియాన్ని బ్రాకెట్‌లో పెట్టి, బయట కింద 2 వేస్తారు.

బ్రాకెట్ మరిచారో... 4 పక్కన 2 చేరి హైడ్రోజన్లు ఏకంగా 42 అయిపోతాయి! ఉండాల్సినవి ఎనిమిదే. నత్రజనేమో రెండుకు బదులు ఒక్కటే మిగులుతుంది.

పరీక్షలో పోయేది ఒక మార్కే కావచ్చు. కానీ నూరు కిలోల ఎరువులో నత్రజని సుమారు 21 కిలోలని తేలేది ఆ 2 ఉండబట్టే. బస్తా మీద నాన్న చూసుకునే అంకె, నోటుబుక్కులో కొడుకు దిద్దుకునే అంకె... రెండూ ఒకే లెక్కలోవి.