వేసవి దాహమనుకున్నది

డోర్నకల్ జంక్షన్ సమీపాన నివసించే ఒక తల్లి, వైశాఖమాసమంతా ఐదేండ్ల కుమార్తెకు చెంబులకొద్దీ నీళ్ళిచ్చింది. "ఎండలకు దాహమైతాంది" అని సమాధానపడింది. ఎప్పుడో మానిన పక్కతడుపు మళ్ళీ మొదలైతే మందలించింది కూడా. ఒక ఉషఃకాలాన బిడ్డ వాంతులు చేసుకుని, గాఢంగా, వేగంగా శ్వాసిస్తూ స్పృహ తప్పసాగింది. ఖమ్మంలోని వైద్యులు అది టైప్-1 మధుమేహమన్నారు. ఇన్సులిన్‌తో బిడ్డ కోలుకుంది; తన మందలింపు మాత్రం తల్లి హృదయంలో శల్యమై నిలిచింది.

త్రాటిని పాముగా భ్రమించుట వేదాంతంలో ప్రసిద్ధ దృష్టాంతం. ఇక్కడ పామే త్రాడుగా భాసించింది.

గీత అష్టాదశాధ్యాయంలో ప్రతి కర్మకూ అధిష్ఠానం, కర్త, కరణాలు, చేష్టలు, దైవం అని ఐదు హేతువులు చెప్పబడ్డాయి. తననొక్కనినే కర్తగా భావించేవాడు యథార్థాన్ని చూడడు. "అంతా నావల్లనే" అనే శోకంలోనూ సూక్ష్మమైన కర్తృత్వాభిమానం దాగి ఉంటుంది. దేహరక్షణవ్యవస్థయే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను నశింపజేయగా ఆ వ్యాధి పుట్టింది. తల్లి ఉపేక్షవల్ల కాదు.

అయితే ఆలస్యంలో ఆమెకు భాగముంది. మందలింపు పూర్తిగా ఆమెదే. దానికి ప్రాయశ్చిత్తం విలాపం కాదు, జాగరూకత. అతిదాహం, అతిమూత్రం, తింటున్నా చిక్కిపోవడం, మానిన పక్కతడుపు తిరిగిరావడం: ఇవి కనబడిన నాడే రక్తంలో చక్కెర పరీక్షించాలని ఆమె ఇప్పుడు ఇరుగుపొరుగు తల్లులకు చెబుతోంది.

అర్ధరాత్రి లేచి, నిద్రిస్తున్న కుమార్తె వ్రేలిని మృదువుగా గుచ్చి చూస్తుంది. పక్క తడిసి ఉన్నా కోపపడదు, ముందు పరీక్షిస్తుంది.