పాత ట్రాక్టరుకు బ్యాటరీ కొనడంలో నేను చేసిన పొరపాటు

నేను నాలుగో తరగతి వరకే చదివినోణ్ణి, రాతలో తప్పులుంటే మన్నించండి. మన సోలాపురంలో గిరణీలు మూతపడ్డాక నాలాగ బండ్ల మీద బతికేటోళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లకు పనికొస్తుందని నాకు జరిగింది రాస్తున్నాను.

గిరణిలో రింగు ఖాతాలో 22 ఏళ్లు పనిచేశాను. అది బందయ్యాక కొన్నేళ్లు టవల్ కార్ఖానాలో చేశాను. గిరణి నుంచి రావలసిన పైసలు చానా ఏళ్లకు చేతికొచ్చాయి. వాటికి మా ఇంటామె బీడీలు చుట్టి దాచిన పైసలు కలిపి, పెద్దకొడుక్కి ఒక పాత ట్రాక్టరు, ట్రాలీ కొనిచ్చాను. 35 హార్స్‌పవర్ బండి. ఎండకాలం ఇటుక, మొరం తోలుతాడు. చలికాలం చెరుకు తోలుతాడు. ఇల్లంతా దాని మీదనే నడుస్తుంది.

పోయినేడు దీపావళి ముందు బండి మొరాయించింది. పొద్దున తాళం తిప్పితే టక్కుమని ఊరుకునేది. "బ్యాటరీ పోయింది బాపూ" అన్నాడు కొడుకు. అది ఆరేళ్ల బ్యాటరీ, నేనూ అట్లనే అనుకున్నాను. కొత్తది 7,000 పైచిలుకు చెప్పారు. పాత సామాన్ల దుకాణంలో ఒకటి సగం ధరకే దొరికింది. కారులోంచి తీసిందట. "అదీ 12 వోల్టులే, ఇదీ 12 వోల్టులే, తేడా ఏముంది?" అన్నాడు దుకాణపాయన. నమ్మిన. మా పాత బ్యాటరీ ఆయనకే ఇచ్చి దాన్ని తెచ్చిన. అది చిన్నది, పెట్టెలో అటూ ఇటూ కదులుతుంటే సైకిల్ ట్యూబుతో కట్టినం. ప్లస్ వైరు అందకపోతే ముక్క అతికించినం.

రెండు నెలలు నడిచింది. తర్వాత మళ్లీ అదే కథ. కొడుకు నాకు చెప్పకుండా ఒక ఉపాయం చేశాడు. రాత్రి బండిని గల్లీ చివర ఏటవాలులో ఆపి చక్రం కింద రాయి పెట్టేవాడు. పొద్దున రాయి తీసి, బండిని దొర్లించి గేరు వేస్తే స్టార్టు అయ్యేది. ఒకనాడు రాయి తీయగానే, వాడు ఎక్కకముందే బండి కదిలింది. ఐదేళ్ల మనుమడు ముందటనే నిలబడి ఉన్నాడు. పక్కింటామె రెక్క పట్టి గుంజింది. బండి పోయి గోడకు కొట్టుకుని ఆగింది. పిల్లగానికి ఏం కాలేదు.

ఆ రోజంతా మా ఇంటామె నాతో మాట్లాడలేదు. సాయంత్రం బీడీల పైసల డబ్బా తెచ్చి నా ముందట పెట్టింది. "పోయి సరైనది తే" అన్నది, అంతే.

మరునాడు అక్కల్‌కోట్ రోడ్డు మీద బండ్ల కరెంటు పని చేసే ఒక ముసలి మిస్త్రీని పిలుచుకొచ్చిన. బ్యాటరీ ఏది కొనాలె అని అడిగితే ఆయన జవాబు చెప్పలేదు, మొదలు మీటరు పెట్టాడు. రాత్రంతా ఊరికే ఉన్న బ్యాటరీ 12.6 చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12 కంటే తగ్గితే దాదాపు ఖాళీ అయినట్టు. మాది 11.8 చూపించింది. వేరే బ్యాటరీతో బండి స్టార్టు చేసి మళ్లీ చూశాడు. ఇంజను నడిచేటప్పుడు 14 దగ్గర చూపించాలె, మాది 12.8 కూడా దాటలేదు. బెల్టు వదులైంది, చార్జింగ్ సరిగా ఎక్కడం లేదు. మైనస్ వైరు బాడీకి బిగించిన చోట పచ్చగా తుప్పు పట్టి ఉంది. బెల్టు బిగించి, వైరు కొసను గీకి శుభ్రం చేశాడు. "ఇది చూడకుండా కొత్తది వేస్తే అదీ చస్తది. నువ్వు అమ్ముకున్న పాతది నిజంగా పోయిందో లేదో ఇగ ఎవరు చెప్పాలె?" అన్నాడు. నా దగ్గర మాట లేదు.

తర్వాత కొనేటప్పుడు ఏం చూడాలో చెప్పాడు. వోల్టులు ఒక్కటే అయినంత మాత్రాన సరిపోదు. ఒకే నంబరు నూలుకు చిన్న కండె ఉంటది, పెద్ద కండె ఉంటది కదా, అట్లనే అనుకోండి. ఆ కొలత ఏహెచ్ అని బ్యాటరీ మీద రాసి ఉంటుంది. మా బండి పుస్తకంలో 88 ఉంది. అంతకు తగ్గకూడదు. పెట్టెలో పడితే కొంచెం ఎక్కువున్నా నష్టం లేదు. డీజిల్ ఇంజను తిప్పడానికి ఒక్కసారే చాలా కరెంటు గుంజుతుంది, చిన్న బ్యాటరీ దానికి తట్టుకోదు. ట్రాక్టరు కుదుపులకు తట్టుకునేలా చేసిన ట్రాక్టరు బ్యాటరీనే తీసుకోవాలి. ప్లస్ ఏ పక్క ఉందో చూడాలి, లేకపోతే వైర్లు అందవు. పెట్టె కొలత టేపుతో కొలుచుకుని పోవాలి. కదలకుండా ఇనుప పట్టీతో బిగించాలి. తయారైన నెల చూడాలి, నెలల తరబడి దుకాణంలో పడి ఉన్నది వద్దు. గ్యారంటీ కార్డు మీద తారీకు, ముద్ర వేయించుకోవాలి. పాత బ్యాటరీకి ధర కట్టించుకోవాలి. విప్పేటప్పుడు మైనస్ వైరు ముందు తీయాలి, బిగించేటప్పుడు ఆఖరికి పెట్టాలి.

ఇదంతా వింటుంటే నాకే సిగ్గనిపించింది. రింగు ఖాతాలో 40 నంబరు నూలుకు వేసే ట్రావెలర్ 20 నంబరుకు వేస్తే దారం సరిగా రాదని కొత్తగా వచ్చిన పిల్లలకు నేనే నేర్పిన. చూడటానికి రెండూ చిన్న కొక్కేలే, కానీ దేని బరువు దానిదే. గిరణిలో చెప్పిన ఆ మాట ఇంటికాడ పైసలు చూసేసరికి మర్చిపోయిన.

కొత్త బ్యాటరీ వేసి ఒక చెరుకు సీజన్ అయిపోయింది. నెలకోసారి మూతలు తీసి చూస్తాను, తగ్గితే డిస్టిల్డ్ వాటర్ పోస్తాను, కొళాయి నీళ్లు పోయను. బండి ఇప్పుడు ఏటవాలులో కాదు, చదునుగా ఉన్న చోట గేరులో పెట్టి ఆపుతాడు.

మీ ఇంట్లో ఎవరైనా బండిని రోజూ దొర్లించి స్టార్టు చేస్తుంటే ఊరుకోకండి. ముందు మీటరు పెట్టించండి, ఆ తర్వాతే దుకాణానికి పోండి.